ఇంటి బండి : ఊరక రొప్పే ఇంజను

షోలాపూరు నుండి పాఠక మిత్రుడొకరు వ్రాసిన ఉత్తరం ఈ నెల మా ముందున్నది. వారి నాయనగారు కొన్న ప్రీమియర్ పద్మిని కారు, 1986 నాటిది, ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నది. ప్రొద్దున స్టార్టు చేసినప్పుడు బుద్ధిగానే ఉంటుందట. ఊళ్ళో పదిహేను ఇరవై నిమిషాలు తిరిగి సిగ్నలు దగ్గర ఆగేసరికి ఇంజను తనంతట తానే రేసు అందుకొంటుంది. కాలు ఎక్సిలేటరు మీద లేకపోయినా ఘాట్ రోడ్డు ఎక్కుతున్నంత మ్రోత. మరునాడు అదే సిగ్నలు దగ్గర, ఇదిగో ఆగిపోతున్నానన్నట్టు మెల్లగా కొట్టుకొంటుంది. ముగ్గురు మేస్త్రీలకు చూపించారు. మొదటివాడు స్లో తగ్గించాడు. రెండవవాడు పెంచాడు. మూడవవాడు "ఇంజను బోరుకొచ్చింది, దించవలసిందే" అన్నాడు.

ఆ ఖర్చు విన్న తర్వాత ఇంట్లో రెండు పక్షాలయినవి. ఇరవై ఏండ్లు దాటిన కారుకు రిజిస్ట్రేషను తిరిగి వేయించే రుసుమే 2025లో 10,000 రూపాయలయింది, పైన ఇదొకటా, తుక్కు క్రింద ఇచ్చేద్దామని కొడుకుల మాట. "నాయన ఏమీ అనరు. సాయంత్రం గుడ్డ పుచ్చుకొని అద్దాలు తుడుస్తారు, అంతే" అని వ్రాశారు. ఇంకొక సంగతి కూడా వ్రాశారు. పోయిన నెల గేటు దగ్గర గేరు వేసి క్లచ్చి వదలగానే బండి ముందుకు దూకిందట. మనుమడు ఆ ప్రక్కనే బంతి ఏరుకొంటున్నాడు. ఏమీ కాలేదు. కాని ఆనాటి నుండి కోడలు పిల్లలను ఆ బండి దరిదాపులకు రానివ్వటం లేదు.

కోడలు చేసింది సరైన పని. కారణం తేలేవరకు ఆ బండిని వీధిలోకి తీయకూడదు. కాని బోరు మాట మాత్రం మేము ఒప్పుకోలేము. బోరుకొచ్చిన ఇంజను లక్షణాలు వేరు. అది ఆయిలు త్రాగుతుంది, వెనుక నీలం పొగ వదులుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు సత్తువ చాలక మొరాయిస్తుంది. ఆయిలు పోసే మూత తీస్తే అక్కడినుండి ఆవిరి కొడుతుంది. ఊరక రేసు కావటం వాటిలోనిది కాదు. ఐనా అనుమానం ఉంటే కంప్రెషను పరీక్ష ఉన్నది. ప్లగ్గులు ఊడదీసి, ఒక్కొక్క కన్నంలో గేజి పెట్టి, సెల్ఫు కొట్టి చూడటమే. అరపూట పని కూడా కాదు. నాలుగు సిలిండర్లూ చెప్పుకోదగ్గ అంకె చూపి, ఒకదానికొకటి దగ్గరగా ఉంటే బోరు బాగున్నట్టే. ఇంజను దించుతానన్న మేస్త్రీని ముందు ఆ నాలుగు అంకెలు కాగితం మీద వ్రాసి ఇమ్మనండి.

ఇక అసలు సంగతికి వద్దాము. ఇంజను ఊరక నిలబడి తిరిగే వేగాన్ని షెడ్లలో 'స్లో' అంటారు. పద్మినిలాంటి 1089 సి.సి. ఇంజనుకు అది నిమిషానికి 800 చుట్లకు కొంచెం అటూ ఇటూ ఉంటుంది. ఇంజను ముఖ్యంగా త్రాగేది పెట్రోలని మనమనుకొంటాముగాని, నిజానికి అది త్రాగేది గాలి. ఒక్క లీటరు పెట్రోలు సరిగా మండటానికి సుమారు 9,000 లీటర్ల గాలి కావాలి. ఆ గాలి దారికి కార్బురేటరులో ఒక రేకు తలుపు ఉంటుంది. ఎక్సిలేటరు త్రొక్కితే తెరుచుకొనేది అదే. కాలు తీయగానే దాదాపు మూసుకొని, సన్నని సందు మాత్రం మిగులుతుంది. ఆ సందు ఎంత ఉండాలో నిర్ణయించేది స్లో స్క్రూ.

తలుపు మూసి ఉండగా ఇంజను లోపలినుండి పీలుస్తూనే ఉంటుంది గనుక ఆ తలుపుకూ సిలిండర్లకూ మధ్యనున్న గొట్టంలో, అనగా మానిఫోల్డులో, గట్టి లాగుడు పుడుతుంది. బయటి గాలి ఒత్తిడి పాదరసపు లెక్కన 760 మిల్లీమీటర్లయితే లోపల దానికంటే 450, 500 మిల్లీమీటర్లు తక్కువ. ఇంత లాగుడు ఉన్నచోట వెంట్రుక వాసి చీలిక ఉన్నా గాలి దూరుతుంది. కొబ్బరి బొండాంలో పెట్టిన గొట్టానికి ప్రక్కన చిన్న పగులు ఉంటే ఎంత పీల్చినా నీళ్ళు సరిగా రావు, గాలే వస్తుంది. అదీ ఇలాంటిదే.

దొంగదారిన వచ్చిన ఈ గాలికి తగిన పెట్రోలు ఉండదు. మిశ్రమం పలుచనై ఇంజను తడబడుతుంది, ఆగిపోబోతుంది. మేస్త్రీ వచ్చి స్లో స్క్రూ బిగించి తలుపు ఇంకొంచెం తెరిచి పెడతాడు. ఆ పూటకు బాగానే ఉంటుంది. ఇంజను వేడెక్కుతుంది, లోహం సాగుతుంది, చీలిక ఒకచోట మూసుకొని ఇంకొకచోట తెరుచుకొంటుంది. తలుపు మాత్రం తెరిచే ఉన్నది. ఇక రేసు కాక ఏమౌతుంది? ఇంకొక మేస్త్రీ వచ్చి ఆ స్క్రూ వదులు చేస్తాడు, రేపు ప్రొద్దున చల్లటి ఇంజను నిలవదు. గోడకు కన్నం ఉండగా తలుపు సర్దుకొంటూ పోతే చలి ఎప్పటికి ఆగుతుంది? షోలాపూరు బండికి ఇద్దరు మేస్త్రీలు చేసినది ఇదే.

(మాటలో మాట. మన షెడ్లలో కార్బురేటరును 'కార్పొరేటరు' అనటం చాలామంది వినే ఉంటారు. మద్రాసు నుండి బళ్ళారి వరకు ఇదే పలుకుబడి. ఇంట్లో ఏది చెడినా వార్డు కార్పొరేటరును తిట్టినట్టే బండిలో ఏది చెడినా దీనిని తిడతారు గనుక పేరు బాగానే కుదిరిందని మా అభిప్రాయం.)

కనుక మొదటి పని, ఒక వారం రోజులు ఏ స్క్రూనూ ఎవ్వరినీ ముట్టుకోనివ్వకండి. గేటు లోపలనే, గేరు న్యూట్రలులో పెట్టి, హాండ్ బ్రేకు లాగి, చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టి రోజుకొకసారి స్టార్టు చేసి చూడండి. ఒక నోటు పుస్తకంలో వ్రాసుకోండి. చల్లగా ఉన్నప్పుడు ఎలా ఉన్నది, వేడెక్కిన తర్వాత ఎలా ఉన్నది, ఎక్సిలేటరు ఒకసారి నొక్కి వదిలితే వెంటనే దిగిందా, మెల్లగా దిగిందా, అసలు దిగలేదా, ప్రతిసారీ ఒకే వేగానికి దిగుతున్నదా, ఒక్కొక్కసారి ఒక్కొక్క చోట నిలుస్తున్నదా. ఈ చివరి ప్రశ్న అన్నిటికంటె ముఖ్యం. వైద్యుడి దగ్గరకు వెళ్ళి "ఒంట్లో బాగా లేదు" అని ఊరుకొంటే ఆయనైనా ఏమి చేస్తాడు? జ్వరం ఏ పూట వస్తున్నదో చెప్పాలి గదా. షెడ్డులో బండి దింపేది ప్రొద్దున, మేస్త్రీ దానిని ముట్టుకొనేది మధ్యాహ్నం. అప్పటికి ఇంజను చల్లబడి, పెద్దమనిషిలాగ నిలబడి ఉంటుంది. చూసినది యజమాని, బాగుచేసేది మేస్త్రీ. ఈ ఇద్దరి మధ్య పుస్తకం ఉంటే సగం ఖర్చు తగ్గుతుంది.

ఈ పరీక్ష ఆరుబయటనే చేయాలి. తలుపులు మూసిన గ్యారేజీలో నిలబడి తిరిగే ఇంజను పొగ ప్రాణం తీస్తుంది. దానిలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. బానెట్టు తెరిచినప్పుడు పంచె కొస గాని, కండువా గాని, చీర కొంగు గాని ఫ్యాను దగ్గరకు పోకుండా దోపుకోవాలి.

ఇక్కడ ఒక భేదం తెలిసి ఉండాలి. బండి నిలబడి ఉండగా రేసు అయితే మనం చెప్పుకొంటున్న వ్యవహారం. అలా కాక, టాప్ గేరులో పోతూ ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను మ్రోత పెరిగి బండి వేగం మాత్రం పెరగకపోతే కార్బురేటరు జోలికి పోనక్కరలేదు. అది క్లచ్చి జారటం. ఎదుట ఎవ్వరూ లేని ఖాళీ చోట హాండ్ బ్రేకు గట్టిగా లాగి, కాలి బ్రేకు మీద కాలు ఉంచి, టాప్ గేరు వేసి క్లచ్చి మెల్లగా వదలండి. బాగున్న క్లచ్చి ఇంజనును వెంటనే ఆపివేస్తుంది. జారే క్లచ్చి అయితే ఇంజను తిరుగుతూనే ఉంటుంది. ఒక్కసారి చేస్తే చాలు, సరదాకు మళ్ళీ మళ్ళీ చేస్తే ఉన్న క్లచ్చి కాస్తా కాలిపోతుంది.

షోలాపూరు బండిది నిలబడినప్పటి రేసే గనుక కాలి దగ్గరనుండి మొదలుపెట్టాలి. నవ్వకండి. ఎక్సిలేటరు పెడలు క్రిందికి జరిగిన రబ్బరు చాప ఎంతో మందిని భయపెట్టింది. చాప తీసి ప్రక్కన పెట్టండి. ఇంజను రేసు అవుతున్నప్పుడు బూటు ముక్కును పెడలు క్రింద పెట్టి పైకి లేపి చూడండి. మ్రోత దిగిందా, దోషం కార్బురేటరు లోపల లేదు, పెడలుకూ దానికీ మధ్య ఉన్నది. తీగె ఉన్న బండ్లలో ఆ తీగె పోగులు తెగి తొడుగులో ఇరుక్కొంటుంది. కడ్డీలున్న బండ్లలో కీళ్ళు తుప్పుపట్టి బిగుస్తవి. రిటర్ను స్ప్రింగు సాగిపోతుంది, లేదా ఎవరో మేస్త్రీ వేరే బండి స్ప్రింగు తగిలించి ఉంటాడు. 2014లో తయారీ ఆగిన అంబాసిడర్లు ఇప్పటికీ బరంపురం వైపు కొన్ని ఇండ్లలో ఉన్నవి గనుక వారికొక మాట. ఇంజనును పట్టి ఉంచే రబ్బరు మౌంటింగు చిరిగితే క్లచ్చి వదలగానే ఇంజను ఒక ప్రక్కకు ఒరుగుతుంది, ఒరిగి ఎక్సిలేటరు కడ్డీని తానే లాగుకొంటుంది. త్రొక్కనక్కరలేకుండానే బండి దూకుతుంది. గేటు దగ్గర పద్మిని దూకిన తీరు చూస్తే ఆ మౌంటింగులు కూడా ఒకసారి చూడటం మంచిదనిపిస్తున్నది.

చోకు సంగతి రెండు ముక్కల్లో అయిపోతుంది. ప్రొద్దున లాగిన చోకు పిడి లోపలికి నెట్టినా అవతలి కొస కార్బురేటరు దగ్గర పూర్తిగా వెనక్కు రాకపోవచ్చు. బానెట్టు ఎత్తి ఒకరు చూస్తుండగా ఇంకొకరు పిడి లాగి నెడితే తెలిసిపోతుంది.

ఇవన్నీ బాగుంటే గాలి దొంగను వెతకాలి. కార్బురేటరు కాళ్ళ క్రింద ఒక గాస్కెట్టు, మానిఫోల్డు ఇంజనుకు ఆనే చోట ఇంకొక గాస్కెట్టు ఉంటవి. ఏండ్ల తరబడి వేడికి అవి పెళుసెక్కి పగులుతవి. నట్లు వదులౌతవి. వదులైన నట్టును ఎవరో రెండు చేతులా బిగిస్తే కార్బురేటరు కాలే వంగి, మధ్యలో సందు పడుతుంది. ఇలా వంగిన కాళ్ళు పాత బండ్లలో చాలా సామాన్యం. వాటిని అద్దం మీద పరిచిన గరుకు కాగితం మీద రుద్ది చదును చేసి, క్రొత్త గాస్కెట్టు వేస్తే సరిపోతుంది. ఇవి గాక మానిఫోల్డునుండి బయలుదేరే రబ్బరు గొట్టాలున్నవి. బ్రేకు బూస్టరు ఉన్న బండ్లలో దానికొకటి, డిస్ట్రిబ్యూటరుకు ఒకటి, ఇంజను ఆవిరి తిరిగి పీల్చటానికి ఒకటి. బండి బండికీ ఇవి మారుతవి. మీ బండిలో ఎన్ని ఉన్నవో లెక్కపెట్టుకోండి. ఒక్కొక్కదానిని వ్రేళ్ళతో నులిమి మూయండి. ఒకటి మూయగానే ఇంజను దారికి వస్తే దొంగ ఆ గొట్టంలోనే, లేదా దాని అవతలి కొసన ఉన్నాడు. బ్రేకు గొట్టమైతే ఆలస్యం చేయకూడదు.

రబ్బరు మాట వచ్చింది గనుక పెట్రోలు మాట కూడా చెప్పాలి. మన దేశంలో పెట్రోలులో ఇథనాలు కలపటం క్రమంగా పెంచుతూ 2025 నాటికి 20 శాతానికి తెచ్చారు. ఈ పాత కార్బురేటర్లను అమర్చినది ఇథనాలు లేని పెట్రోలుకు. ఇథనాలులో ఆక్సిజను ముందే ఉండటం వల్ల అదే కార్బురేటరులో అదే జెట్టుతో మిశ్రమం కొంత పలుచబడుతుంది. ఇదివరకు చిన్న గాలి చీలికను ఎలాగో సహించిన ఇంజను ఇప్పుడు సహించలేక తడబడుతుంది. ఆ కాలపు రబ్బరు గొట్టాలు, పెట్రోలు పంపులోని పొర, వీటికి కూడా ఈ మిశ్రమం గిట్టదు. కొన్ని ఉబ్బుతవి, కొన్ని గట్టిపడి పగులుతవి. పాత బండి ఉన్నవారు వీటిని ఇథనాలుకు తట్టుకొనే రకానికి మార్పించుకోవటం ఎటూ తప్పదు.

గాలి దూరే చోటు కంటికి కనిపించకపోతే నీళ్ళతో పట్టుకోవచ్చు. ఇస్త్రీ చేసేటప్పుడు బట్టల మీద నీళ్ళు చల్లే సీసా ఇంట్లో ఉంటుంది గదా, దానితో గాస్కెట్టు అంచుల వెంట కొంచెం కొంచెం చల్లుతూ పోండి. చీలిక మీద నీళ్ళు పడగానే ఆ క్షణానికి సందు మూసుకొని ఇంజను మ్రోత మారుతుంది. డిస్ట్రిబ్యూటరు మీద, ప్లగ్గు తీగెల మీద మాత్రం పడనివ్వకూడదు. కొందరు మేస్త్రీలు ఈ పరీక్ష పెట్రోలు చల్లి చేస్తారు. వేడి ఇంజను మీద పెట్రోలు చల్లేవాడు ఎంత అనుభవజ్ఞుడైనా మీ ఇంటి ముందు మాత్రం చల్లనివ్వకండి. చెవికి కూడా పని చెప్పవచ్చు. మూడు అడుగుల రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర పెట్టుకొని, రెండవ కొసను అతుకుల వెంట త్రిప్పితే దొంగగాలి బుసకొట్టటం స్పష్టంగా వినిపిస్తుంది. మా పరిచయంలో ఒక వృద్ధ మేస్త్రీ ఈ గొట్టం తప్ప వేరే పనిముట్టు చూడకుండానే గాస్కెట్టు పేరు చెప్పేవారు.

ఇంకొక పరీక్ష ఉన్నది. ఇంజను బాగా వేడెక్కి తడబడుతున్నప్పుడు చోకు పిడిని కొంచెం, ఒక అరంగుళం, లాగండి. అంతలో ఇంజను నిబ్బరంగా తిరిగితే మిశ్రమం పలుచనై ఉన్నదన్నమాట, అనగా గాలి ఎక్కడో ఎక్కువ దూరుతున్నది, లేదా జెట్టులో మట్టి అడ్డుపడింది. చోకు లాగగానే ఇంకా ఉక్కిరిబిక్కిరై నల్లపొగ వదిలితే మిశ్రమం చిక్కగా ఉన్నదని. అప్పుడు గాలి దొంగను వెతకటం వృథా, కార్బురేటరు తొట్టిలోని తేలుడు బుడ్డిని, సూదిని చూడాలి.

ఇప్పుడు మనం మొదట ముఖ్యమన్న ప్రశ్నకు వద్దాము. ఎక్సిలేటరు వదిలిన ప్రతిసారీ ఇంజను ఒక్కొక్క వేగం దగ్గర నిలుస్తుంటే కార్బురేటరులోని ఆ రేకు తలుపు ఇరుసును అనుమానించాలి. పాతిక ముప్పై ఏండ్లు, లక్షలసార్లు, ఒకే చోట తిరిగిన ఇరుసు అది. అది తిరిగే కన్నం అరిగి కోలగా అవుతుంది. ఆ సందులోనుండి గాలి పోతుంది. అంతకంటె చెరుపు ఏమంటే, ఇరుసు అటూ ఇటూ ఊగుతున్నందువల్ల రేకు ఒకసారి సరిగా మూసుకొంటుంది, ఇంకొకసారి అంచు ఆనుకొని కొంచెం తెరిచే ఉంటుంది. ఇంజను ఆపి, ఇరుసు కొస పట్టుకొని పైకీ క్రిందికీ ఊపండి. చేతికి ఆట తెలిస్తే అదే రోగం. ఏ స్క్రూ ఎన్నిసార్లు త్రిప్పినా ఇది కుదరదు. కన్నం కోసి ఇత్తడి బుష్షు వేయించాలి. లేతు ఉన్న మంచి పనివాడు చేయగల పని ఇది. 2023 అక్టోబరుతో బొంబాయి వీధుల్లో పద్మిని టాక్సీల కాలం ముగిసింది. ఆ టాక్సీల మీద చేయి తిరిగిన మేస్త్రీలు, ఇలాంటి బుష్షులు వేసిన లేతు పనివారు ఇప్పుడు వేరే పనులకు పోతున్నారు, లేదా ఇంటి పట్టున ఉంటున్నారు. షోలాపూరు వారు అలాంటివారిని విచారించి, ఆ చేతులున్న కాలంలోనే ఈ పని చేయించుకోవటం తెలివి.

ఇరుసు, గాస్కెట్లు, గొట్టాలు అన్నీ బాగున్నా ఇంజను రేసునుండి దిగటానికి తాత్సారం చేస్తుంటే డిస్ట్రిబ్యూటరు మూత తీయాలి. మేస్త్రీలు సాధారణంగా ఇంతదూరం రారు. దాని అడుగున రెండు చిన్న బరువులు, రెండు స్ప్రింగులు ఉంటవి. ఇంజను వేగం పెరిగినకొద్దీ బరువులు వెలుపలికి విచ్చుకొని నిప్పురవ్వను ముందుగా రప్పిస్తవి. వేగం తగ్గగానే స్ప్రింగులు వాటిని లోపలికి లాగాలి. స్ప్రింగు సాగినా, చుక్క నూనె ఎరుగక బరువులు బిగిసినా, రవ్వ ముందుగానే పడుతూ ఉంటుంది, ఇంజను క్రిందికి దిగనంటుంది. ఇంజను ఆపి, రోటరును వ్రేళ్ళతో అది తిరిగే వైపుకు మెలిపెట్టి వదలండి. టక్కున వెనక్కు రావాలి. బద్ధకంగా వచ్చినా, రాకపోయినా శుభ్రం చేసి నూనె చుక్క వేయించటమే వైద్యం.

ఉత్తరంలోని లక్షణాలు చూస్తే, వేడెక్కిన తర్వాతనే మొదలవటం, ఒకరోజు ఎక్కువ ఒకరోజు తక్కువ నిలవటం, ఈ రెండూ కలిపితే ఆ ఇరుసు మీద, కార్బురేటరు కాళ్ళ మీద మా అనుమానం. చూడకుండా ఇంతకంటె చెప్పలేము. చాప, స్ప్రింగు, మౌంటింగులు ముందు చూడండి. తర్వాత నట్లు, గాస్కెట్లు. ఆ తర్వాత ఇరుసు. ఇవన్నీ అయిన తర్వాత, అన్నిటికంటె చివర, స్లో స్క్రూ. ఆ వరుస తప్పించి మొదట స్క్రూ పట్టుకొనే మేస్త్రీకి కాఫీ ఇచ్చి పంపివేయండి. నాయనగారిని కూడా ఈ పనిలోకి పిలవండి. నలభై ఏండ్లుగా ఆ మ్రోత విన్న చెవులు అవి. ఏ రోజున అది మారిందో ఆయనకు తెలిసినట్టు ఏ మేస్త్రీకీ తెలియదు. అద్దాలు తుడిచే మనిషి చేతికి ఆ నోటు పుస్తకం ఇచ్చి చూడండి.

బరంపురం నుండి మరొక ఉత్తరం. 2004 నాటి మారుతి 800. ఇంజను నిలబడినప్పుడు మ్రోత ఊయల ఊగినట్టు, పెరిగి తగ్గి, పెరిగి తగ్గి, లెక్కగా ఊగుతుందట. వీరి బండికి కార్బురేటరు లేదు, పెట్రోలును కంప్యూటరు కొలిచి చిమ్ముతుంది. ఇందులోనూ దొంగ గాలే కాని నాటకం వేరు. దొంగదారిన గాలి వచ్చి ఇంజను వేగం పెరుగుతుంది. కాలు పెడలు మీద లేదు, వేగమేమో ఎక్కువగా ఉన్నది, బండి ఏదో దిగుడు దిగుతున్నది కాబోలునని కంప్యూటరు పెట్రోలు ఆపివేస్తుంది. వేగం పడిపోతుంది. ఆగిపోతుందేమోనని మళ్ళీ పెట్రోలు ఇస్తుంది. మళ్ళీ పెరుగుతుంది. ఊయలకు కారణం ఇదే. మానిఫోల్డు గొట్టాలన్నీ పైన చెప్పినట్టే చూసుకోండి. అవి బాగుంటే గాలి తలుపు దగ్గరి మసిని, స్లోను చూసుకొనే చిన్న వాల్వును శుభ్రం చేయించండి. అంతకుముందు కంప్యూటరు మార్చాలని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు.

ఇక గేటు దగ్గర జరిగినది రోడ్డు మీద జరిగితే ఏమి చేయాలో ఇంట్లో బండి నడిపే ప్రతివారికీ తెలిసి ఉండాలి. పోతుండగా ఎక్సిలేటరు ఇరుక్కొని ఇంజను అరుస్తుంటే ముందు క్లచ్చి అడుగంటా త్రొక్కి గేరు న్యూట్రలుకు తేవాలి. ఇంజను గొంతు చించుకొని అరుస్తుంది, అరవనివ్వండి. దానికి ఏమైనా చక్రాలకు ఇక బలం పోదు. బ్రేకు ఒక్కటే గట్టి త్రొక్కుడుగా త్రొక్కి పట్టాలి, పంపు కొట్టినట్టు కొట్టకూడదు. బూస్టరు ఉన్న బండ్లలో తలుపు బార్లా తెరిచి ఉన్నప్పుడు మానిఫోల్డులో లాగుడు ఉండదు, కొట్టినకొద్దీ బూస్టరులో మిగిలిన బలం అయిపోతుంది. తాళం ఇంజను ఆగేంత వరకే త్రిప్పాలి. బండి పూర్తిగా నిలవకుండా తాళం బయటికి లాగితే స్టీరింగు బిగుసుకొనే బండ్లున్నవి. ఎడమ ప్రక్కకు చేర్చి ఆపిన తర్వాత, ఇంజను చల్లబడనిచ్చి బానెట్టు ఎత్తండి. మొదట చూడవలసినది రిటర్ను స్ప్రింగు. అది ఊడి క్రింద పడి ఉంటే మళ్ళీ తగిలించటానికి చేతి రుమాలు, కటింగు ప్లయరు చాలు. తెగి ఉంటే బండిని త్రాడు కట్టి లాగించుకొని రావాలి, నడుపుకొని రాకూడదు.